ఉప్పు తిన్న రోడ్డు, తుప్పు పట్టిన కారు

జనవరి వచ్చిందంటే డెట్రాయిట్ చుట్టుపక్కల కార్లన్నీ ఒకే రంగులోకి వచ్చేస్తాయి. కొన్నప్పుడది నలుపా, ఎరుపా, నీలమా అన్నది రిజిస్ట్రేషన్ కాగితం చూసి చెప్పాల్సిందే. చక్రాల దగ్గర్నుంచి కిటికీల దాకా బూడిదరంగు పొర. దిగేటప్పుడు ప్యాంటు తగిలిందా, తెల్లటి చార. అది దుమ్ము కాదు, ఉప్పు. మనం పప్పులో వేసుకునే ఉప్పుకి శుద్ధి చెయ్యని అన్నయ్య.

ఇక ఏ శనివారమో ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే చాలు, ఊళ్ళో ఉన్న కార్ వాష్‌లన్నిటి ముందూ రోడ్డు మీద దాకా క్యూలు. ఆ క్యూలో నిలబడే ఓపిక లేని నాలాంటి వాళ్ళు వాకిట్లోనే బకెట్టూ గుడ్డా పట్టుకుని మొదలెడతారు. మన దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్ళకి ఇదంతా పిచ్చితనంలా కనపడుతుంది. "ఎలాగూ ఎల్లుండి మళ్ళీ మంచు పడుతుందిగా, ఈ చలిలో ఇప్పుడెందుకండీ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎండాకాలంలో కారు కడిగేది అందం కోసం, చలికాలంలో కడిగేది ఆయుష్షు కోసం అన్నది పొట్టి జవాబు. పొడుగు జవాబులో ఎనభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది కార్ల గురించి మాత్రమే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు.

ముందు ఆ కడగడం సంగతి చెప్పేస్తాను. గడ్డకట్టే చలిలో కారు కడగడానికి కొన్ని నియమాలున్నాయి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, మరిగేవి కాదు. చల్లబడిన అద్దం మీద వేడినీళ్ళు పోస్తే పగుళ్ళిస్తుంది. పైన తళతళలాడించడం ముఖ్యం కాదు. చక్రాల గూళ్ళు, తలుపుల కింది అంచులు, కారు అడుగుభాగం, అంటే మన కంటికి కనపడని చోట్లే ముందు కడగాలి. తలుపుల చుట్టూ ఉండే రబ్బరుని పొడిగుడ్డతో తుడవకపోతే మర్నాడు ఆఫీసుకి వెనక డోర్లోంచి దూరి వెళ్ళాలి. ఇంతా చేశాక వాకిట్లో పారిన నీళ్ళు గంటలో అద్దంలా గడ్డకడతాయి. దానిమీద జారిపడకుండా మనమేం చేస్తాం? గ్యారేజీలోంచి సంచీ తెచ్చి ఇంత ఉప్పు చల్లుతాం! కారు మీద ఉప్పు వదిలించుకోవడానికి నేల మీద ఉప్పు. ఈ ఒక్క వాక్యంలో మొత్తం చరిత్ర ఉంది.

ఇంతకీ రోడ్ల మీద ఉప్పు ఎప్పట్నుంచి? మంచు పడే దేశాల్లో మొదట్నుంచీ ఇంతే అని మనం అనుకుంటాం. కాదు. 19వ శతాబ్దంలో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మంచు రోడ్డుకి శత్రువు కాదు, మంచే రోడ్డు. బళ్ళకి చక్రాలు తీసి కింద జారుడు బద్దలు బిగించేవారు. గుంతలూ బురదా మంచు కింద కప్పడిపోయి, బరువైన దుంగలు లాగడానికి ఏడాది మొత్తంలో అదే మంచి కాలం. అందుకని మంచుని తీసెయ్యడం మాట అటుంచి, గుర్రాల చేత పెద్ద పెద్ద చెక్క రోలర్లు లాగించి దాన్ని గట్టిగా అణిచేవారు. అక్కడి వంతెనలకి పైకప్పులుండేవి కాబట్టి లోపల మంచు పడదు. బళ్ళు జారవు. అందుకని పని కట్టుకుని మనుషుల చేత వంతెన లోపలికి మంచు మోయించి పరిపించేవారు. దీన్ని చూసుకోవడానికి కొన్ని ఊళ్ళలో ప్రత్యేకంగా ఒక ఉద్యోగి కూడా ఉండేవాడు.

పట్టణాల్లో గుర్రపు ట్రాముల కంపెనీలు పట్టాల మీద ఉప్పు చల్లడం మొదలెట్టినప్పుడు జనం గొడవ చేశారు. మంచు కరిగి తమ జారుడు బళ్ళు నడవట్లేదని, ఉప్పు బురద గుర్రాల కాళ్ళని పాడుచేస్తోందని. అంటే "ఒకరి దారి కోసం చల్లే ఉప్పు ఇంకొకరికి నష్టం" అన్న వాదన మోటారు కారు కన్నా పాతది.

తర్వాత కారొచ్చింది. మొదట్లో అదీ చలికాలానికి పనికొచ్చేది కాదు. పైకప్పు లేని బళ్ళు కదా, నవంబరులో దిమ్మల మీదకెక్కించి కొట్టంలో పెట్టేసి, ఏప్రిల్లో మళ్ళీ దింపేవాళ్ళు చాలామంది. 1919లో అమెరికాలో తయారైన కార్లలో నాలుగు పక్కలా మూసి ఉన్నవి పదో వంతే. 1920ల చివరికొచ్చేసరికి అది తలకిందులై, పదింట తొమ్మిది మూసి ఉన్న కార్లే వచ్చాయి. లోపల వెచ్చగా కూర్చోవచ్చు అన్నాక చలికాలం కూడా కారు తియ్యాలనిపిస్తుంది. అప్పుడు మంచు అడ్డమయింది. మంచు మారలేదు, మన అవసరం మారింది.

మొదట్లో నాగళ్ళ లాంటి బ్లేళ్ళతో మంచు తోసి, జారకుండా ఇసకా, బొగ్గు మసీ చల్లేవారు. ఇసక కుప్ప చలికి గడ్డకట్టుకుపోకుండా అందులో కాస్త ఉప్పు కలిపేవారు. 1938లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం ప్రయోగంగా ఉప్పునే రోడ్డు మీద చల్లి చూసింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. 1941-42 చలికాలంలో దేశం మొత్తం మీద హైవేల మీద చల్లిన ఉప్పు 5,000 టన్నులు. ఇప్పుడు ఏటా రమారమి 2 కోట్ల టన్నులు. నాలుగు వేల రెట్లు!

మధ్యలో ఏం జరిగింది? యుద్ధం అయిపోయాక జనం ఊళ్ళు వదిలి శివార్లకి వెళ్ళారు. రోజూ కార్లో ఆఫీసుకి వెళ్ళి రావాలి. 1956లో ఐసెన్‌హోవర్ సంతకంతో ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం వచ్చింది. గంటకి అరవై, డెబ్భై మైళ్ళ వేగంతో పోయే రోడ్డు మీద పల్చటి మంచు పొర కూడా ప్రాణాంతకమే. దాంతో "తుఫాను ఆగీ ఆగగానే నల్లటి తారు కనపడాలి" అన్నది రోడ్ల శాఖల విధానమైపోయింది. మా భాషలో చెప్పాలంటే ఎస్ఎల్ఏ మార్చేశారు. 1950లలో పది లక్షల టన్నుల స్థాయిలో ఉన్న ఉప్పు వాడకం 1970ల మొదటికి కోటి టన్నులకి దగ్గర పడింది.

ఉప్పే ఎందుకు? ఎందుకంటే చవక, కావలసినంత ఉంది, పనిచేస్తుంది. నీటిలో ఉప్పు కరిగితే అది సున్నా సెల్సియస్ దగ్గర గడ్డకట్టదు. 23 శాతం ఉప్పున్న ద్రావణం మైనస్ 21 సెల్సియస్ దాకా ద్రవంగానే ఉంటుంది. అన్నట్టు, ఇక్కడ మనం రోజూ తిట్టుకునే ఫారన్‌హీట్ కొలతకి సున్నా కూడా ఇలాంటి మిశ్రమంలోంచి వచ్చిందే. 1724లో ఫారన్‌హీట్ ఐసు, నీళ్ళు, నవాసాగరం కలిపితే వచ్చే చల్లదనాన్ని సున్నా అన్నాడు. రోడ్డు మీద మాత్రం అంత చలి దాకా ఉప్పు లాగదు. 15 ఫారన్‌హీట్ కంటే కిందకి పోతే మామూలు ఉప్పు పని చాలా మందగిస్తుంది.

దొరకడం విషయానికొస్తే, డెట్రాయిట్ నగరం కిందే సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. దాని సొరంగం 1910లో పూర్తయింది. కోట్ల ఏళ్ళ కిందట ఇంకిపోయిన సముద్రం వదిలిపోయిన ఉప్పు అది. లోపల 1,500 ఎకరాల విస్తీర్ణం. మొదట్లో దాని గిరాకీలు తోళ్ళ పరిశ్రమా, ఆహార పరిశ్రమా. ఇప్పుడు ప్రధానంగా రోడ్లు. పైన కార్లు తయారయ్యే ఊరు, కింద ఆ కార్లని తినేసే ఉప్పు. ఇంత దగ్గరగా సమస్యా, దాని కారణమూ ఒకే చోట ఉన్న ఊరు ఇంకోటి ఉండదేమో. డబ్బులు తీసుకుని కార్లు కడిగే మొదటి దుకాణం "ఆటోమొబైల్ లాండ్రీ" పేరుతో 1914లో తెరిచింది కూడా డెట్రాయిట్లోనే. అందులో యంత్రాల్లేవు. కారుని మనుషులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి తోసుకుంటూ, ఒకరు సబ్బు రుద్దితే ఇంకొకరు కడిగి, మరొకరు తుడిచేవారు. అప్పటికి ఇంకా రోడ్డు మీద ఉప్పు లేదు కాబట్టి అది బురద కోసమే.

ఉప్పుకీ తుప్పుకీ ఉన్న చుట్టరికం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. విశాఖలో బీచ్ రోడ్డు దగ్గర ఇల్లున్నవాళ్ళని అడగండి, కిటికీ ఊచలకి ఎన్నేళ్ళకోసారి రంగు వేయిస్తారో. ఇనుము తుప్పు పట్టడానికి నీళ్ళూ, గాలీ చాలు. ఉప్పు ఆ నీళ్ళని మంచి విద్యుత్ వాహకంగా మార్చి పని వేగం చేస్తుంది. దాంట్లోని క్లోరైడ్ లోహం మీదుండే రక్షణ పొరని కూడా చీలుస్తుంది. ఇందులో ఒక తమాషా ఉంది. బయట గడ్డకట్టే చలిలో ఈ రసాయన చర్య నెమ్మదిగా జరుగుతుంది. ఉప్పు బురదతో ఉన్న కారుని తీసుకెళ్ళి వెచ్చటి గ్యారేజీలో పెడితే వేగం పుంజుకుంటుంది. ప్రేమగా లోపల పెట్టుకున్న కారే ముందు తుప్పు పడుతుందన్నమాట. అందుకే లోపల పెట్టే ముందు కడగడం.

1960, 70లలో ఉత్తరాది కార్లకి ఇది పెద్ద రోగం. 1971 మోడల్ షెవ్రొలెట్ వేగా ముందు రెక్కలు రెండు మూడు చలికాలాల్లోనే చిల్లులు పడటం అప్పట్లో అందరి నోళ్ళలో నానిన సంగతి. ఈ రోగం మీద ఒక కొత్త వ్యాపారమే పుట్టింది. జర్మనీ నుంచి వచ్చిన కర్ట్ జీబార్ట్ అనే మెకానిక్ కారు డొల్ల భాగాల్లోకి మైనం లాంటి పదార్థాన్ని చిమ్మే పద్ధతి కనిపెట్టి 1959లో డెట్రాయిట్లో దుకాణం పెట్టాడు. ఆ పేరు మీద కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. తర్వాత కార్ల కంపెనీలు ఉక్కు రేకుకి జింకు పూత వెయ్యడం మొదలెట్టాయి. పోర్షా 1976లో, ఆడీ 1985లో పూర్తి బాడీకి ఆ పూత తెచ్చాయి. నెమ్మదిగా మామూలు కార్లకీ వచ్చింది. ఇప్పుడు రేకులు చిల్లులు పడటం చాలా తగ్గింది కానీ, కింది చట్రం మాటేమిటి? టయోటా టకోమా ట్రక్కుల చట్రాలు తుప్పు పట్టి చిల్లులు పడితే 2008లో కంపెనీ కొన్ని పాత మోడళ్ళని తిరిగి కొనుక్కుంది. ఇంకా మిగిలిన వాటి మీద పడ్డ కేసుని 2016లో 340 కోట్ల డాలర్ల దాకా విలువుండే ఒప్పందంతో ముగించుకుంది.

ఇదంతా లెక్కేస్తే ఎంత? అమెరికా పర్యావరణ సంస్థ కోసం 1976లో చేసిన ఒక అధ్యయనం రోడ్డు ఉప్పు వల్ల ఏటా దాదాపు 300 కోట్ల డాలర్ల నష్టం అని అంచనా కట్టింది. అందులో పెద్ద వాటా వాహనాల తుప్పుదే. ఉప్పు కొని చల్లడానికి అయ్యే ఖర్చు దీని ముందు ఎందుకూ కొరగాదు. రోడ్ల శాఖ పుస్తకాల్లో మాత్రం ఆ చిన్న ఖర్చే కనపడుతుంది. మిగతాది నా గ్యారేజీలో, మీ గ్యారేజీలో, వంతెనల ఇనుప చువ్వల్లో పడుతుంది. రోడ్డు మీద బగ్ క్లోజ్ చేసి, కారు మీద కొత్త టికెట్ ఓపెన్ చేశారు. మనం బకెట్టు పట్టుకుని కడిగేది ఆ టికెట్‌నే.

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఉప్పు ప్రాణాలు కాపాడుతుంది. ఉప్పు చల్లాక గాయాలయ్యే ప్రమాదాలు 88 శాతం దాకా తగ్గాయని 1992లో మార్క్వెట్ యూనివర్సిటీ అధ్యయనం చెప్పింది. ఉదయం ఆరింటికి హైవే మీద అంబులెన్స్ ఆగకుండా వెళ్తోందంటే రాత్రంతా ఎవడో ఉప్పు లారీ తిప్పాడు కాబట్టే. "ఉప్పు మానేద్దాం" అనేవాళ్ళు ఒకసారి నల్లమంచు మీద బ్రేకు తొక్కి చూడాలి. నా గోల అది కాదు.

నా గోల ఆ బకెట్టులో నీళ్ళ గురించి. కారు మీంచి ఉప్పు వదిలించాం, బావుంది. అదెక్కడికి పోయింది?

వాకిట్లోంచి పారి వీధి చివర జాలీలో పడితే, అది చాలా ఊళ్ళలో ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులోకో చెరువులోకో పోతుంది. డబ్బులిచ్చి కార్ వాష్‌లో కడిగిస్తే మురుగునీటి శుద్ధి కేంద్రానికి వెళ్తుంది, నూనే మడ్డీ అక్కడ ఆగుతాయి. కానీ క్లోరైడ్ అక్కడా ఆగదు. దాన్ని తియ్యాలంటే సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసినంత పని. ఏ సూక్ష్మజీవీ దాన్ని తినదు, ఎండకి విరగదు, ఆవిరవదు. ఒక్కసారి నీళ్ళలో చేరిందంటే చేరినట్టే. మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెప్పే లెక్క ఒకటుంది: ఒక టీస్పూను ఉప్పు ఐదు గ్యాలన్ల నీళ్ళని శాశ్వతంగా పాడుచేస్తుంది. జంటనగరాలు మినియాపోలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో చల్లిన ఉప్పులో సుమారు 70 శాతం అక్కడి చెరువుల్లో, నేలలో, భూగర్భ జలాల్లోనే ఉండిపోతోందని 2009లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు తేల్చారు.

ఇది మనకి కొత్తగా తెలిసిందీ కాదు. న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ పక్కన ఇరోండిక్విట్ అనే సరస్సు లాంటి జలాశయం ఉంది. దాంట్లో ఉప్పు ఎంత పెరిగిందంటే, బరువైన ఉప్పునీరు అడుగున చేరి, వసంతంలో పైనీరూ కిందినీరూ కలవడం కూడా సరిగ్గా జరగలేదని 1971లోనే సైన్స్ పత్రికలో వచ్చింది. పైనీరు కలిస్తేనే అడుగున చేపలకి ఆక్సిజన్ అందేది. అంటే యాభై ఏళ్ళకు పైగా తెలిసే చల్లుతున్నాం.

ఇక మా మిషిగన్‌లోనే జరిగిన ఫ్లింట్ కథ. 2014 ఏప్రిల్లో డబ్బు మిగులుతుందని ఆ ఊరికి హ్యూరాన్ సరస్సు నీళ్ళు ఆపి ఫ్లింట్ నది నీళ్ళు ఇచ్చారు. ఆ నీళ్ళలో క్లోరైడ్ పాత నీళ్ళలో కంటే దాదాపు ఎనిమిది రెట్లు. ఏళ్ళ తరబడి నదిలో చేరిన రోడ్డు ఉప్పు ఒక కారణం, శుద్ధిలో వాడిన ఫెర్రిక్ క్లోరైడ్ ఇంకో కారణం. పైపులు కొరుక్కుపోకుండా కలపాల్సిన మందు కలపకపోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. సీసం గొట్టాల్లోంచి సీసం కరిగి ఇళ్ళలోకి వచ్చింది. పిల్లలు తాగారు.

ఈ కథలో నన్ను వదలని భాగం వేరే ఉంది. ఆ ఊళ్ళో జనరల్ మోటార్స్ ఇంజిన్ ఫ్యాక్టరీ ఉంది. ఆ నీళ్ళకి ఇంజిన్ భాగాలు తుప్పు పడుతున్నాయని వాళ్ళు గమనించారు. 2014 అక్టోబరులోనే, మాకీ నీళ్ళు వద్దని చెప్పి పక్క టౌన్‌షిప్ నుంచి హ్యూరాన్ సరస్సు నీళ్ళకి మారిపోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. ఇళ్ళకి పాత నీళ్ళు తిరిగి వచ్చింది 2015 అక్టోబరులో. ఇనుము మొరపెట్టుకుంటే వెంటనే విన్నారు. దాదాపు లక్షమంది మనుషులు రంగు మారిన నీళ్ళు సీసాల్లో పట్టి మీటింగులకి తెచ్చి చూపించినా వినడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు మనవాళ్ళు. ఇక్కడ ఉప్పు తిన్నది రోడ్డు, దాని మీద వేగంగా వెళ్ళింది మనం. నీళ్ళు తాగింది ఇంకెవరో.

అలాగని చేసేదేం లేదా అంటే, ఉంది. రోడ్ల శాఖలే కొంత మేలుకున్నాయి. తుఫానుకి ముందే పల్చటి ఉప్పునీటిని చారలుగా చిమ్మితే, తర్వాత గుప్పెళ్ళతో చల్లే ఉప్పు బాగా తగ్గుతుంది. హైవే మీద తెల్లటి గీతలు కనపడితే అవే. పెద్ద చిక్కు ఆఫీసుల, షాపుల పార్కింగ్ స్థలాల దగ్గరుంది. ఎవరైనా జారిపడితే దావా వేస్తారన్న భయంతో కాంట్రాక్టర్లు కాలి కింద కరకరలాడేంత పోస్తారు. మొట్టమొదట ఉప్పు చల్లిన న్యూ హాంప్‌షైరే దీనికీ ఒక దారి చూపింది. శిక్షణ పొంది, తగు మోతాదులో చల్లి, లెక్క రాసుకునే కాంట్రాక్టర్లకి అలాంటి దావాల నుంచి రక్షణ ఇస్తూ 2013లో చట్టం అమల్లోకి తెచ్చింది. వ్యసనం మొదలెట్టిన చోటే మందు కూడా మొదలైందనుకోవచ్చు. మన కాలనీ అసోసియేషన్ మీటింగుల్లో చెత్తబుట్టల రంగు మీద గంట వాదించుకుంటాం కదా, మంచు కాంట్రాక్టులో ఉప్పు మోతాదు ఏం రాశారని ఒక్కసారి అడగండి.

వాకిలి సంగతి మన చేతుల్లోదే. ముందు పారతో మంచు తీసెయ్యాలి, తర్వాతే ఉప్పు. 12 ఔన్సుల కాఫీ మగ్గు నిండా ఉప్పు ఇరవై అడుగుల వాకిలికి సరిపోతుంది. మనలో చాలామంది చల్లేది దానికి నాలుగైదు రెట్లు. 15 డిగ్రీల కంటే చలి ఎక్కువుంటే ఉప్పు దండగ, ఇసక చల్లుకోండి. ఎండాక మిగిలిన ఉప్పుని చీపురుతో ఊడ్చి మళ్ళీ సంచీలో పోసుకోవచ్చు. అది పిసినారితనం కాదు.

కారు మాత్రం కడగండి. చక్రాల గూళ్ళు మర్చిపోవద్దు.